పాత స్పోర్ట్సుకారును దినవాడుకకు దెచ్చుట

మోటారు బండ్లలో స్పోర్ట్సుకారు అనునది యొక ప్రత్యేకమైన జాతి. ఇద్దఱు మాత్రమే కూర్చుండుటకు చాలినంత చోటు, తక్కువ బరువు, బరువునకు మించిన వడి, పైకప్పునకు బదులు మడచి పెట్టదగిన గుడ్డ, ఇవి దాని లక్షణములు. ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డునకు సమీపమందున్న ఆబింగ్డన్ అను చిన్న పట్టణములో ఎం.జి. సంస్థవారు 1945 మొదలుకొని 1949 వఱకు నిర్మించిన టి.సి. అను బండి యీ జాతికి చక్కని యుదాహరణము. ఆ కొలది సంవత్సరములలో సుమారు పదివేల బండ్లు మాత్రమే తయారయ్యెను. అన్నియు కుడిచేతి స్టీరింగు గలవే యగుటచే మన దేశపు రోడ్లకు మార్పు లేకుండ సరిపోయెను.

అట్టి బండి యొకటి కొత్తగూడెమున నివసించు మా చెల్లెలి వరుసయగు నామె యింట ననేక సంవత్సరములుగా నొక రేకుల షెడ్డులో పడియుండెను. ఆమె భర్త పూర్వము రాజమహేంద్రవరమునుండి దానిని కొని తెచ్చెను. ఆయన గతించిన పిమ్మట నెవ్వరును దానిని కదపలేదు. ఇటీవల పాత బండ్లను సేకరించు నొక పెద్దమనిషి మంచి వెల యిచ్చెదనని వచ్చెను. కుమారుడు మాత్రము దానిని బాగుచేయించి, పాల్వంచలోని తన యుద్యోగమునకు నిత్యము దానిమీదనే పోయి వచ్చెదననెను. తల్లి మమ్ము పిలిపించి, "అన్నయ్యా, వాళ్ల నాయన బండి చెదలకు పోవుడు నేను చూడలేను. అమ్మాలన్నా మనసొప్పుత లేదు. కాని నాకు పరుగెత్తే బండి వద్దు, ఆగే బండి కావాలె. ఆగుతదని నువ్వు చెప్తేనే పిల్లగానికి తాళం ఇస్త" అని చెప్పెను. ఆమె మాట న్యాయముగా నున్నది. కావున ఆ పని యెట్లు జరుగవలయునో, ఎందువలన నట్లు జరుగవలయునో మేము విచారించి తెలిసికొన్న సంగతులను మన విద్యార్థుల నిమిత్తము వ్రాయుచున్నాము. భౌతికశాస్త్రపు తరగతిలో వల్లించు సూత్రములు అనేకము ఇందు పనిచేయుట వారు చూడగలరు.

మొట్టమొదట బండి నడువవలసిన తావును తలంచుకొనవలయును. ఇంగ్లండులోని చల్లని గాలికి, సన్నని పల్లెబాటలకు కల్పించిన యంత్రము మన యొద్ద నెట్లుండును? వైశాఖ జ్యేష్ఠములలో కొత్తగూడెము, భద్రాచలము ప్రాంతమున ఎండ 45 డిగ్రీలు దాటుట యరుదు కాదు. బొగ్గు లారీలు రాత్రింబగళ్లు తిరుగుచుండును. వానకాలమున గోదావరి పొంగి, భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులకు రాగానే మొదటి ప్రమాద సూచన, 48కి రెండవది, 53కి మూడవది యిత్తురు. 1986లో ఆ మట్టము 75 అడుగులు దాటెను. 2022లో 71 అడుగులు దాటెను. ఆ నెలలలో గాలిలోని తేమ యినుమును, కొయ్యను, విద్యుత్తు తీగలను సమానముగా బాధించును. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాటు దిగవలసివచ్చిన నది వేఱొక పరీక్ష. ప్రదర్శనశాలలో నిలిపెడు బండికి ఈ చింతలు లేవు.

సాధారణముగా జనులు ఇంజను మ్రోగినదా లేదా యని ముందుగా చూతురు. మా మతమున అది తలక్రిందుల పద్ధతి. ఇంజను చెడిన బండి నిలిచిపోవును, అంతే. బ్రేకు చెడిన బండి నిలువదు. కాబట్టి పని బ్రేకులతో నారంభింపవలయును.

టి.సి. బండికి నాలుగు చక్రములయందును తొమ్మిది అంగుళముల డ్రమ్ములు గలవు. పాదము క్రింది మీటను త్రొక్కినపుడు, ప్రధాన సిలిండరులోని ద్రవమునకు గలిగిన పీడనము గొట్టముల గుండ నాలుగు చక్రముల సిలిండరులకును సమానముగా వ్యాపించును. ఇది పాస్కలు సూత్రము. ద్రవము నొక్కిన నణగదు గనుక పాదపు బలము నష్టము కాకుండ చక్రమును చేరును. గాలి యన్ననో అణగును. గొట్టములో నొక్క గాలిబుడగ యున్నను పాదము క్రిందికి పోవునే గాని బ్రేకు పట్టదు. మఱియొక విశేషము: ఇప్పటి బండ్లలో రెండు వేర్వేఱు ద్రవమార్గము లుండును, ఒకటి చెడినను రెండవది పనిచేయును. ఆ కాలపు బండిలో మార్గ మొక్కటే. ఎచ్చటనైన నొక్క రబ్బరు గొట్టము పగిలిన నాలుగు చక్రముల బ్రేకులును ఒక్కసారిగా పోవును. అప్పుడు మిగులునది చేతిబ్రేకు మాత్రమే.

ఇందువలన బ్రేకు భాగములలో "ఇది యింకను బాగుగనే యున్నది" అను మాటకు చోటు లేదు. రబ్బరు గొట్టములు, సిలిండరులలోని రబ్బరు గిన్నెలు అన్నియు తీసివేసి క్రొత్తవి వేయవలయును. రబ్బరు వాడకున్నను ముసలిదగును. పైకి నిగనిగలాడుచు లోపల బీటలు వాఱియుండును. ఇనుప గొట్టములను కూడ మార్చుట మంచిది. సిలిండరుల లోపలి గోడలు తుప్పుచే గుంటలు పడినచో, ఇత్తడి లేక తుప్పుపట్టని ఉక్కు తొడుగు వేయించవలయును. గుంటలుపడిన గోడమీద క్రొత్త రబ్బరు కొలది దినములలో చిరిగిపోవును. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. నీరు చేరిన ద్రవము త్వరగా మరుగును. మరిగిన ఆవిరి యగును. ఆవిరి గాలివలెనే యణగును. ఘాటురోడ్డు దిగువేళ డ్రమ్ములు కాగినపుడు ఈ సంగతి ప్రాణములమీదికి వచ్చును. మన తేమ ప్రదేశమున రెండేండ్లకు బదులు ఏటేట ద్రవమును మార్చుటయే యుచితము.

ఇచ్చట నొక హెచ్చరిక. పాత బ్రేకు పట్టీలలో ఆస్బెస్టాసు అను రాతినార యుండును. దాని ధూళి ఊపిరితిత్తులకు విషప్రాయము. షెడ్డులలో కుఱ్ఱవాండ్రు డ్రమ్ము విప్పి గాలిగొట్టముతో ధూళిని ఊదుట మేము చూచుచున్నాము. అట్లు చేయరాదు. తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కట్టి పాఱవేయవలయును. మా మేనల్లుని బండి పని చేసిన మేస్త్రీ మొదట నవ్వెను గాని, తన కొడుకు కూడ అదే షెడ్డులో పనిచేయుచున్నాడని మేము గుర్తుచేయగా నీళ్ల బకెట్టు తెప్పించెను.

పని పూర్తియైన పిమ్మట వడి హెచ్చినకొలది ఆగుటకు గావలసిన దూర మెట్లు హెచ్చునో చిన్నవారు గమనింపవలయును. చలనశక్తి వడి యొక్క వర్గమును బట్టి యుండును. గంటకు 30 కిలోమీటర్ల వడినుండి 60 కిలోమీటర్లకు పోయిన, వడి రెండింతలే యైనను, బ్రేకులు మ్రింగవలసిన శక్తి నాలుగింతలగును. టి.సి. బండి గంటకు 120 కిలోమీటర్లు పోగలదు. సన్నని చక్రములు, ఒక్క మార్గపు బ్రేకులు గల యా బండిని మన రోడ్డుమీద 60 దాటించుటకు కారణ మేదియు మాకు కనబడలేదు.

ఇంక కొయ్య. మోటారు బండికి కొయ్యయేమని కొందఱాశ్చర్యపడవచ్చును. ఆ కాలమున ఇట్టి బండ్ల పైభాగము ఉక్కు రేకులే యైనను, ఆ రేకులను నిలిపెడి యస్థిపంజరము యాష్ అను చెట్టు కొయ్యతో కట్టబడినది. ఆ కొయ్య వంగును గాని సులభముగా విఱుగదు. కాని చెదపురుగునకును, తేమకును తాళదు. పైకి రంగు మెఱయుచుండగా లోపల బెరడువంటి పొడి మాత్రమే మిగిలియుండవచ్చును. పరీక్షించు విధము సులభము: తలుపు తెఱచి కొనను మెల్లగా పైకెత్తి చూడవలయును. తలుపు కీలుతో సహా కదలిన, కీలును పట్టియున్న స్తంభము పోయినదని యర్థము. సన్నని తిరుపుళి కొనతో చట్రమునకు తగులుచున్న దూలములను పొడిచి చూడవలయును; మంచి కొయ్య గట్టిగా పలుకును, చెడినది మెత్తగా దిగిపోవును. ఈ బండిలో ఎడమ తలుపు స్తంభమును, వెనుక పెట్రోలు తొట్టి మోయు దూలమును పూర్తిగా చెదలు తినియుండెను.

యాష్ కొయ్య యిచ్చట దొరకదు. మన అడవుల టేకు దొరకును. దానిలోని సహజమైన నూనెవలన చెద దానిని సులువుగా ముట్టదు. బరువునను రెండును ఇంచుమించు సమానమే. అయినను టేకుతో రెండు చిక్కులు గలవు. ఒకటి, యాష్ వలె వంగదు. కావున వంకరగా నుండవలసిన భాగములను వంచుటకు బదులు, పలుచని బద్దలను ఒకదానిపై నొకటి యంటించి కట్టవలయును. రెండవది, ఆ నూనెయే జిగురును పట్టనీయదు. అంటించుటకు ముందు స్పిరిటుతో తుడిచి, వెంటనే జిగురు పూయవలయును. కొయ్య పాతదై బాగుగా నారినదై యుండవలయును. మేస్త్రీలు కొందఱు మద్దికొయ్య గట్టిదని చెప్పిరి. గట్టిదే, కాని బరువు. తేలికదనమే ప్రాణమైన బండికి దానిని వాడుట తగదు. అడవి సమీపమున నున్నాము గదా యని చాటుగా వచ్చిన దుంగను కొనరాదు. రసీదుతో దొరకు పాత ఇండ్ల దూలములు ఈ పనికి మిక్కిలి శ్రేష్ఠములు. భద్రాచలము వడ్రంగి యొకడు తలుపుల చట్రములు చేయు పనిముట్లతోనే యా స్తంభమును మూడు దినములలో పాతదానికి సరిగా చెక్కెను. పాత ముక్కను, ఎంత చెడినను, పాఱవేయకుండుటయే మేలు. కొలతల కదియే యాధారము.

ఇంజను విషయమున పని యెక్కువ కాని వింత తక్కువ. పరిమాణము 1250 ఘనసెంటీమీటర్లు, శక్తి సుమారు 54 గుఱ్ఱములు. చాలకాలము నిలిచిన యింజనును బ్యాటరీతో ఒక్కసారిగా త్రిప్పరాదు. ప్లగ్గులు విప్పి, సిలిండరులలో కొంచెము నూనె పోసి, ఒకటి రెండు దినములు నానబెట్టి, ముందున్న చేతి హ్యాండిలుతో మెల్లగా త్రిప్పవలయును. క్రింది తొట్టి విప్పి అడుగు మడ్డిని కడుగవలయును. నడచునపుడు నూనె పీడనపు ముల్లు 40 మొదలు 60 పౌనుల మధ్య నుండిన సంతోషించవచ్చును. ఈ యింజనుల వెనుక భాగమున కొంచెము నూనె కారుట పుట్టుకతో వచ్చిన గుణము. దానిని చూచి దిగులు పడనక్కఱ లేదు.

వేడిని గూర్చి మాత్రము దిగులు పడవలయును. ఇప్పటి బండ్ల రేడియేటరు మూత ఆవిరిని బిగించి యుంచును. పీడనము హెచ్చగా నీరు మరుగు స్థానము 100 నుండి 120 డిగ్రీల దాపునకు పోవును. టి.సి. బండికి అట్టి మూత లేదు. దాని నీరు బహిరంగముగా కాచిన గిన్నెలోని నీరువలె 100 డిగ్రీలకే మరుగును. పైగా వేడిమిని చూపు ముల్లు కర్మాగారమునుండి రాలేదు. గాలియే 45 డిగ్రీలున్న దినమున మనకు మిగులు నెడము 55 డిగ్రీలు మాత్రమే. ఇంగ్లండులో 20 డిగ్రీల దినమున ఆ యెడము 80. ఇంతే లెక్క. బోరు నీటిలోని సున్నము యేండ్ల తరబడి రేడియేటరు గొట్టములలో పేరుకొని యుండును. దానిని విప్పించి, క్రొత్త గొట్టముల గుండె వేయించుట ఖర్చైనను తప్పదు. ఇంజను ప్రక్కనున్న నీటి కుళాయిని తెఱచిన నీరు రాకున్న, లోపల బురద గట్టిపడినదని తెలియవలయును. ఒక తీగతో పొడిచి వదలక, అడుగున నున్న మూతలు విప్పి కడుగవలయును. ఆకుపచ్చని ద్రవమును సగము కలిపిన నీరు వేడిని మోయుశక్తిలో వట్టి నీటికి తీసిపోవును. మంచు లేని మన ప్రాంతమున బట్టీ నీటిలో తుప్పునిరోధకమును కలిపి వాడుటయే మేలని మా యభిప్రాయము. ఒక వేడి ముల్లును అమర్చుట మాత్రము తప్పనిసరి.

పెట్రోలు మాట చెప్పుకొందము. ఆ కాలమున ఇంగ్లండులో యుద్ధపు కట్టుబాట్లవలన తక్కువ రకపు పెట్రోలే దొరకెడిది. ఆ యింజను దానికి సరిపడునట్లే చేయబడినది. కావున నేటి పెట్రోలు బలము చాలదను భయము లేదు. చిక్కు వేఱుచోట నున్నది. 2000 సంవత్సరము ఫిబ్రవరినుండి మన దేశమంతట సీసము లేని పెట్రోలే విక్రయింపబడుచున్నది. పూర్వము పెట్రోలులోని సీసము వాల్వులు కూర్చుండు చోటును కాపాడుచుండెను. ఇప్పుడు మెత్తని ఇనుపగద్దెలు క్రమముగా అరిగిపోవును. తల విప్పినపుడే గట్టి ఉక్కు గద్దెలు వేయించిన నా చింత తీఱును.

రెండవ చిక్కు ఇథనాలు. ఇటీవలి సంవత్సరములలో పెట్రోలునందు నూటికి 20 పాళ్లవఱకు ఇథనాలు కలుపబడుచున్నది. చెఱకు, ధాన్యము పండించు రైతునకు అది మేలే కావచ్చును. పాత బండికి మాత్రము మూడు విధముల కీడు చేయును. పాత రబ్బరును మెత్తపఱచును. కార్బురేటరులోని బెండు చుట్లను చెఱచును. గాలిలోని నీటిని పీల్చి తొట్టి యడుగున చేర్చి తుప్పు పట్టించును. టి.సి. బండికి ఎస్.యు. కార్బురేటర్లు రెండు గలవు. వాటి జెట్టు చుట్టును బెండుతో చేసిన చుట్లే యుండెను. వాటి స్థానమున ఇథనాలునకు తాళు రబ్బరు చుట్లు వేయవలయును. పెట్రోలు గొట్టములన్నియు నట్లే. తొట్టి లోపల పూయు కొన్ని పూతలు ఇథనాలులో కరగి జెట్లను మూసివేయును గనుక కనుగొని పూయవలయును. ఇథనాలునకు గాలి తక్కువ చాలును. అనగా పాత కొలతప్రకారము పెట్రోలు వచ్చిన మిశ్రమము పలుచనై యింజను మఱింత వేడెక్కును. సూదిని మార్చి కొంచెము చిక్కపఱచవలయును. అన్నిటికంటె ముఖ్యము, బండిని నిలువ యుంచక నడుపుట. వారమునకొక తొట్టి ఖర్చగు బండిలో నీరు చేరుటకు వ్యవధి యుండదు. ఈ యొక్క విషయమున దినవాడుక బండికి శత్రువు కాదు, మిత్రము. హైదరాబాదు చౌమహల్లా భవనమునందు ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొఱకు నిర్మింపబడిన పసుపుపచ్చని రోల్సురాయిసు బండి యున్నది. ఆయన 1911లోనే మరణించెను. ఆ బండి విశేష సమయములందు తప్ప బయలుదేఱినది కాదు. చూచుటకు దివ్యము. మా మేనల్లునికి కావలసినది అది కాదు.

చక్రములను గూర్చి యొక మాట. ఇవి సైకిలు చక్రములవలె పుల్లలు గలవి. ఒక్కొక్క పుల్లను పానాతో తట్టి వినవలయును. బిగువైనది గంటవలె మ్రోగును, వదులైనది మొద్దుగా పలుకును. చక్రము మధ్య నొకే పెద్ద నట్టుతో బిగింపబడును. బండి యెడమవైపున నది సాధారణమైన రీతిగా కుడికి త్రిప్పిన బిగియును. కుడివైపున ఎడమకు త్రిప్పిన బిగియును. నడచునపుడు మఱింత బిగియుటకే యీ యేర్పాటు. తెలియని షెడ్డులో ఇరుసు భాగములను అటునిటు మార్చి బిగించిన, నడచుకొలది నట్టు వదులగును. టైరుల వ్యాసము 19 అంగుళములు. పాత బుల్లెట్టు మోటారుసైకిలుదియు నంతే. ఈ సామ్యమును చూచి ఖమ్మములో నొకడు మోటారుసైకిలు టైరులు తొడిగి చూపెను. చక్కగా పట్టినవి. కాని మోటారుసైకిలు టైరు, మూల తిరుగునప్పుడు ప్రక్కకు వాలు బండికొఱకు గుండ్రముగా చేయబడినది. నిటారుగా నిలిచి ప్రక్క ఒత్తిడి మోయవలసిన కారునకు తగదు. సరియైన టైరులను తెప్పించుకొని, అవి వచ్చు వఱకు బండిని దిమ్మెలమీద నుంచుటయే సరియైన పని.

విద్యుత్తు 12 వోల్టులు. ధనధ్రువము బండి శరీరమునకు కలుపబడి యుండును. నేటి దీపములలో పెక్కు ఋణధ్రువపు బండ్లకు చేయబడినవి గనుక కొనునపుడే విచారింపవలయును. తీగలన్నిటిని క్రొత్తవి వేసి, ఫ్యూజుల సంఖ్య పెంచి, మలుపు దీపములు, వెనుక రెండు పెద్ద యెఱ్ఱదీపములు అమర్చవలయును. లారీ డ్రైవరు కూర్చుండు ఎత్తునుండి చూచిన నీ బండి మేకపిల్ల యంత కనబడును.

కాగితముల విషయము చాలమంది తప్పుగా గ్రహించుచున్నారు. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము ఏబదియేండ్లు దాటిన బండ్లకు ప్రత్యేకమైన నమోదు ఏర్పఱచెను. అట్టి బండికి వి.ఎ. అను అక్షరములు గల సంఖ్య వచ్చును. గౌరవముగనే యుండును, కాని ఆ నమోదు పొందిన బండి ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలునకు తప్ప నిత్యప్రయాణమునకు రోడ్డెక్కరాదు. ఉద్యోగమునకు పోదలచినవాడు ఆ దారి త్రొక్కరాదు. సాధారణ నమోదునే యోగ్యతాపత్రముతో పునరుద్ధరించుకొనుచు పోవలయును. మన ప్రాంతమున నింకొక చిక్కు గలదు. 1948కి పూర్వము గోదావరికి ఈవలి ఖమ్మము సీమ నిజాము రాజ్యమున, భద్రాచలము మద్రాసు ప్రభుత్వమున నుండెను. భద్రాచలము 1959లో ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో దాని చుట్టునున్న కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయెను. కావున పాత పుస్తకములోని సంఖ్య ఏ కార్యాలయపుదో మొదట కనుగొని, ఛాసీమీద చెక్కిన సంఖ్యతో పోల్చుకొనవలయును. ఇప్పటికిని భద్రాచలము దాటి కొంచెము దూరము పోయిన రాష్ట్రము మాఱును. భీమాపత్రము సహా అన్ని కాగితములు బండిలో నుండవలయును.

అన్నియు ముగిసిన పిమ్మట మేనల్లుడు మొదటి వారము ఇంటి చుట్టును, రెండవ వారము పాల్వంచవఱకును మాత్రమే పోయి, ప్రతి సాయంకాలము చక్రపు నట్లను, బ్రేకు ద్రవపు మట్టమును, నేలమీది మరకలను చూచెను. రెండు మాసముల పిమ్మట తల్లి ప్రక్కన కూర్చుండి, గోదావరి వంతెన దాటి భద్రాచలము పోయి వచ్చెను. రేవు దిగుడున తాను కుమారునితో చెప్పి బండిని మూడుసార్లు ఆపించి చూచితినని ఆమె మాతో చెప్పెను. ఇప్పుడు బండి వెనుక పెట్టెలో ఒక ఫ్యాను బెల్టు, రెండు ప్లగ్గులు, ఐదు లీటర్ల నీరు, రాగి సుత్తి యొకటి, చిన్న నిప్పునార్పు డబ్బా, బ్రేకు ద్రవపు సీలు విప్పని సీసా యుండును. తాళము ఉదయమున తల్లి చేతినుండియే పుచ్చుకొనుచున్నాడు.